నూట ముప్పై రెండు గళ్లు

కోబాల్ అనగానే మన క్లాసులో వినిపించే మొదటి మాట "అది ఇంకా బతికే ఉందా?" అని. రెండో మాట "అమీర్‌పేటలో నేర్పుతారుగా" అని. రెండింటికీ జవాబు అవుననే. వై2కే రోజుల్లో మన తెలుగువాళ్లు ఎంతమంది అమీర్‌పేట బోర్డుల కింద కోబాల్, జేసీఎల్, డీబీ2, సీఐసీఎస్ నేర్చుకుని విమానం ఎక్కారో మీ ఇళ్లల్లో పెదనాన్నలనో బాబాయిలనో కదిపితే చెప్తారు. మా మావయ్య మాత్రం ఎక్కలేదు. విజయవాడలో కోబాల్ నేర్చుకుని, గుంటూరు జిల్లాలో ఒక నూలు మిల్లు కార్మికుల పొదుపు-పరపతి సంఘంలో అకౌంటెంటుగా చేరి, 1994లో వాళ్ల లెక్కలకి ఒక ప్రోగ్రాం రాసి, అదే కుర్చీలో ఉండిపోయాడు.

ఈ వ్యాసం ఆ ప్రోగ్రాం గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే ఆ ప్రోగ్రాంలో ఒకే ఒక్క పని గురించి: ఏ ప్రింటర్ మీద అచ్చు వేయాలో అది ఎలా తెలుసుకుంటుంది? మనకిది ప్రశ్నలాగే అనిపించదు. కంట్రోల్-పీ కొడితే డబ్బా వస్తుంది, జాబితాలో ఒకటి నొక్కుతాం, అయిపోయింది. కానీ ఆ డబ్బా కనిపెట్టకముందే పుట్టిన భాష ఇది.

విషయం ఇలా మొదలైంది. మొన్న ఏప్రిల్‌లో సంఘం ఆఫీసులో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ప్రాణం విడిచింది. హెడ్డులో పిన్నులు పోయాయి. అంతకుముందు రెండుసార్లు బాగు చేయించారట, ఈసారి రిపేరు షాపు అతను "హెడ్డు దొరకదు సార్" అని చేతులెత్తేశాడు. జూన్‌లో మహాజన సభ. దానికి వారం ముందు సభ్యుల నిల్వల జాబితా అచ్చయి కౌంటర్ మీద ఉండాలి. ఎవరి వాటా ధనం ఎంత, పొదుపు ఎంత, అప్పు బాకీ ఎంత, వడ్డీ ఎంత, డివిడెండు ఎంత అన్నీ అందులోనే ఉంటాయి. సభ్యుడు వచ్చి తన వరస చూసుకుని, ఇంట్లో పాస్‌బుక్‌తో సరిపోల్చుకుని, తేడా ఉంటే సభలో లేచి అడుగుతాడు. సభ తీర్మానం చేశాక ఆ అంకెలు ఖాయం. అంటే 312 మంది మనుషులు తమ డబ్బు గురించి ఏడాదికి ఒక్కసారి గట్టిగా అడగగలిగే వారం అది. కాగితం లేకపోతే ఆ అడగడం ఉండదు.

కమిటీలో ఒకాయన "కొత్త సాఫ్ట్‌వేర్ కొనేద్దాం" అన్నాడు. కోట్ చేసిన కంపెనీవాళ్లు ముగింపు నిల్వలు మాత్రమే ఎక్కిస్తాం, పాత సంవత్సరాల లావాదేవీలు మా పని కాదు అన్నారు. మావయ్య నాకు ఫోన్ చేసి, "ఏరా, మీ కాలేజీలో ప్రింటర్ల గురించి చెప్తారా?" అని అడిగాడు. చెప్పరు మావయ్యా అన్నాను. "అయితే సెలవులకి రా, నేను చెప్తాను" అన్నాడు.

వెళ్లగానే కోడ్ చూపించమన్నాను. 4,000 లైన్ల పైచిలుకు, ఫ్యాన్‌ఫోల్డ్ కాగితం మీద అచ్చేసి, అట్ట వేసి, దారంతో కుట్టిన పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. కంప్యూటర్‌లో కూడా ఉంది గానీ, ఆయనకి చదవాలంటే కాగితం కావాలి. మొదట్లోనే, ఎన్విరాన్‌మెంట్ డివిజన్‌లో, ఫైల్-కంట్రోల్ కింద ఈ అర్థం వచ్చే లైను ఉంది: సెలెక్ట్ మెంబర్-లిస్ట్ అసైన్ టూ ప్రింటర్.

సెలెక్ట్ అని ఉంది కాబట్టి ప్రింటర్‌ని ఎంచుకునేది ఇక్కడే అనుకుంటాం కదా, నేనూ అలాగే చదివాను. మావయ్య నవ్వాడు. సెలెక్ట్ అనేది ఎంచుకునేది ఫైలునట. ప్రోగ్రాం లోపల మనం పెట్టుకున్న పేరు మెంబర్-లిస్ట్. అసైన్ అనేది ఆ పేరుని బయట లోకంలో ఒక వస్తువుకి కట్టే ముడి. ఆ తర్వాత ప్రోగ్రాం పొడుగునా ప్రింటర్ అనే మాటే రాదు. ఓపెన్ అవుట్‌పుట్ మెంబర్-లిస్ట్, రైట్, రైట్, రైట్, క్లోజ్. ప్రోగ్రాం దృష్టిలో ప్రింటర్ కూడా ఒక ఫైలే, కాకపోతే చదవడానికి వీల్లేని, రాయడానికి మాత్రమే పనికొచ్చే ఫైలు.

ఇది 1959 నాటి ఆలోచన. ఆ సంవత్సరమే అమెరికాలో కోడసిల్ అనే కమిటీ కోబాల్‌ని తయారుచేయడం మొదలుపెట్టింది. గ్రేస్ హోపర్ గారి ఫ్లో-మ్యాటిక్ భాష దానికి పెద్ద ఆధారం. ఒక కంపెనీ యంత్రం మీద రాసిన ప్రోగ్రాం ఇంకో కంపెనీ యంత్రం మీద కూడా నడవాలన్నది వాళ్ల కోరిక. అందుకే యంత్రాన్ని బట్టి మారేవన్నీ పోగుచేసి ఎన్విరాన్‌మెంట్ డివిజన్ అనే ఒక గదిలో పెట్టారు. ఇల్లు మారితే ఆ ఒక్క గది సర్దుకుంటే చాలని.

మెయిన్‌ఫ్రేమ్‌లో అయితే ఆ ముడి కూడా ప్రోగ్రాంలో పూర్తిగా ఉండదు. అసైన్ దగ్గర ఒక ముద్దుపేరు మాత్రం ఉంటుంది. ఆ పేరుకి అర్థం ఏమిటో ప్రోగ్రాం బయట, జేసీఎల్‌లో, డీడీ అనే స్టేట్‌మెంట్ చెప్తుంది. అక్కడ సిస్అవుట్ అని రాస్తే ఆ అక్షరాలన్నీ స్పూల్‌లోకి వెళ్లి వరసలో నిలబడతాయి. ఏ ప్రింటరు, ఎన్ని కాపీలు, ఏ రకం కాగితం అన్నీ అక్కడే. అదే ప్రోగ్రాంని ముట్టుకోకుండా ఇవాళ ఒక ప్రింటర్ మీద, రేపు ఇంకో ఊరి ప్రింటర్ మీద అచ్చు వేయొచ్చు. "ప్రోగ్రాంకి ప్రింటర్ పేరు తెలియకూడదురా" అన్నాడు మావయ్య, "తెలిస్తే ఆ ప్రింటరుతో పాటే చస్తుంది."

మరి తను రాసిన దాంట్లో? డాస్ కంపైలర్‌లో అసైన్ టూ ప్రింటర్ అంటే ఎల్పీటీ1, అంటే కంప్యూటర్ వెనకాల పాతిక పిన్నుల వెడల్పాటి రంధ్రం. ఆ రంధ్రానికి ఏది తగిలిస్తే అదే ప్రింటర్. 1994లో ఆఫీసులో ఒక్కటే ప్రింటర్ ఉంది కాబట్టి ఎంపిక అనే ప్రశ్నే లేదు.

మొదట అందరూ చెప్పే చిట్కానే చేశాం. కొత్తగా కొన్న యూఎస్బీ లేజర్ ప్రింటర్‌ని విండోస్‌లో షేర్ చేసి, నెట్ యూజ్ అనే కమాండ్‌తో ఎల్పీటీ1కి వచ్చేదంతా ఆ షేర్‌కి మళ్లించడం. ఇది నిజంగా పనిచేసే చిట్కా, నేరుగా అక్షరాలు పంపితే అర్థం చేసుకునే ప్రింటర్ అయితే. చవక లేజర్లు చాలావాటికి అక్షరం అంటే ఏమిటో తెలియదు. ఏ చుక్క ఎక్కడ పడాలో విండోస్ డ్రైవర్ బొమ్మ గీసి ఇస్తేనే వేస్తాయి. 'ఏ' అనే అక్షరం 65 అనే అంకెగా నేరుగా దాని మొహాన పడేస్తే అటూ ఇటూ చూస్తుంది. మాది ఒక లైటు మిణుకుమిణుకుమని ఊరుకుంది. డాట్ మ్యాట్రిక్స్ అలా కాదు, 65 పంపితే 'ఏ' కొడుతుంది, 12 పంపితే పేజీ తిప్పుతుంది, 15 పంపితే అక్షరాలు సన్నబడతాయి. మావయ్య ప్రోగ్రాంలో వర్కింగ్-స్టోరేజ్ నిండా ఇలాంటి అంకెలే: ఎస్కేప్ తర్వాత ఈ అంటే బొద్దు, ఎఫ్ అంటే మామూలు. ఆయనకి ఇవన్నీ కంఠోపాఠం.

ఇక్కడ మీలో కొందరు "పైథాన్‌లో రాసిపారేయొచ్చుగా" అంటారని తెలుసు. నేనూ అదే అన్నాను. మావయ్య కుట్టిన పుస్తకం మధ్యలో వడ్డీ లెక్క పేరా తీసి చదవమన్నాడు. మూడు పేజీలుంది. ఫలానా తీర్మానం నుంచి అప్పు వడ్డీ మారింది, పాత అప్పులకి పాత రేటే. లేఆఫ్ అయిన నెలలకి అపరాధ వడ్డీ లేదు. చనిపోయిన సభ్యుడి పొదుపు మీద నామినీ తీసుకునేదాకా వడ్డీ నడవాలి. ఒక్కో షరతు పక్కన కామెంట్‌లో తీర్మానం తేదీ. ఆ మిల్లు ముప్పై ఏళ్ల కష్టసుఖాలు ఇఫ్-ఎల్స్‌ల రూపంలో ఉన్నాయి. దాన్ని రెండు నెలల్లో తిరగరాసి, ఒక్క రూపాయి తేడా రాలేదని 312 మందికి నిరూపించే ధైర్యం నాకు లేదు. పోయింది ప్రింటర్, లెక్క కాదు.

కాబట్టి దారి ఇది. ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్‌లో ఉబుంటు వేసి, గ్నూకోబాల్ పెట్టాం. అది ఉచితం, కోబాల్‌ని సీ భాషలోకి మార్చి కంపైల్ చేస్తుంది. పాత కంపైలర్ రాసిన ఇండెక్స్‌డ్ ఫైళ్లని అది చదవలేదు, ఒక్కో కంపైలర్‌ది ఒక్కో కట్టుబాటు. అందుకని పాత కంప్యూటర్ మీదే, పాత కంపైలర్‌తోనే, చిన్న ప్రోగ్రాం రాసి రికార్డులన్నీ మామూలు టెక్స్ట్ లైన్లుగా బయటికి తీశాం. డబ్బు అంకెలు కాంప్-3లో ఉంటాయి, అంటే ఒక్కో బైట్‌లో రెండేసి అంకెలు కుక్కి. అలాగే కాపీ చేస్తే చెత్త కనపడుతుంది. ముందు వాటిని మామూలు డిస్‌ప్లే రూపంలోకి మూవ్ చేయాలి. ఆ మూవ్ చేసినా దశాంశ చుక్క ఉండదు, పిక్చర్‌లో వీ అనే అక్షరం 'ఇక్కడ చుక్క ఉన్నట్టు అనుకో' అంటుంది అంతే. ఫైలులో 115000 అని ఉంటే అది 1,150 రూపాయలు. తెలియనివాడు చూస్తే సంఘం ఉన్నట్టుండి కోటీశ్వరుల క్లబ్బు అయిపోతుంది.

పిక్చర్ అంటే గుర్తొచ్చింది. అచ్చు వేసేటప్పుడు అంకె ఎలా కనపడాలో కోబాల్‌లో నిజంగానే బొమ్మలా గీస్తారు. జడ్, కామా, జడ్ జడ్, కామా, జడ్ జడ్ తొమ్మిది, చుక్క, తొమ్మిది తొమ్మిది. జడ్ ఉన్నచోట ముందు సున్నాలు మాయమవుతాయి. కామా మీరెక్కడ పెడితే అక్కడే. అమెరికాలో పుట్టిన భాష, మన లక్షల కామాని ఏ లైబ్రరీ, ఏ లొకేల్ సెట్టింగ్ అడగకుండా వేసేస్తుంది. నేను వెబ్ ప్రాజెక్టులో ఇదే పని కోసం ఎంతసేపు వెతికానో మావయ్యకి చెప్పలేదు.

సరే, ముడి మార్చాం. అసైన్ టూ ప్రింటర్ అన్నచోట ఒక వేరియబుల్ పేరు పెట్టి, ఆర్గనైజేషన్ లైన్ సీక్వెన్షియల్ అన్నాం. ఇప్పుడు జాబితా డిస్క్ మీద ఫైలుగా వస్తుంది. ఆఫ్టర్ అడ్వాన్సింగ్ పేజ్ అన్నచోట ఫైలులో 12వ నంబరు అక్షరం పడుతుంది, ఎస్కేప్ అంకెలన్నీ తీసేశాం. తర్వాత ఆ ఫైలుని ప్రింటర్‌కి పంపాలి. లినక్స్‌లో ప్రింటర్లని చూసుకునేది కప్స్. దానికి పని అప్పజెప్పే కమాండ్ ఎల్పీ, దాని పక్కన మైనస్ డీ పెట్టి ప్రింటర్ పేరు ఇస్తే దానికి వెళ్తుంది. ఇవ్వకపోతే డిఫాల్ట్ ప్రింటర్‌కి వెళ్తుంది.

ఆ డిఫాల్ట్ దగ్గరే కథ అడ్డం తిరిగింది. సంఘం గది మిల్లు కాంపౌండ్‌లోనే ఉంది, నెట్‌వర్క్ కూడా మిల్లుదే. నేను ప్రింటర్లు వెతకమంటే రెండు కనపడ్డాయి. ఒకటి మన బల్ల మీది లేజర్. రెండోది టైమ్ ఆఫీసుది, అంటే యాజమాన్యం వాళ్లది. డిఫాల్ట్‌గా కూర్చున్నది ఆ రెండోది! ఇంకా ఏమీ పంపలేదు గానీ, తెర మీద ఆ పేరు చూడగానే మావయ్య కుర్చీ వెనక్కి జరిపాడు.

"అల్లుడూ, ఈ జాబితా అక్కడ అచ్చయితే ఏమవుతుందో తెలుసా? ఎవడికి ఎంత అప్పుందో మేనేజరు చేతికి మనమే ఇచ్చినట్టు. అప్పులో పీకల్దాకా ఉన్నవాడు ఓవర్‌టైమ్‌కి ఎదురు చెప్పడని వాళ్లకి తెలియదనుకున్నావా?"

నాకు అప్పటిదాకా ప్రింటర్ ఎంచుకోవడం అంటే సౌకర్యం. ఆ గదిలో అది నమ్మకానికి సంబంధించిన సంగతి. వాళ్ల పద్ధతే వేరు. కౌంటర్ మీద జాబితా పెట్టినప్పుడు కూడా ఎవరికీ మొత్తం పేజీ చూపించరు. ఒక దళసరి అట్టముక్కకి అడ్డంగా, ఒకే ఒక్క లైను కనిపించేంత చీలిక కోసి పెట్టుకున్నారు. సభ్యుడు తన నంబరు చెప్తే మావయ్య ఆ అట్టని పేజీ మీద జరిపి, చీలికలోంచి అతని వరస ఒక్కటే చూపిస్తాడు. పైన ఎవరు, కింద ఎవరు అన్నది కనపడదు. మన సెక్యూరిటీ సబ్జెక్టులో రో లెవెల్ యాక్సెస్ అని ఒక స్లైడ్ ఉంది కదా, అది నాకు అట్టముక్కగా దర్శనమిచ్చింది.

అందుకే ప్రోగ్రాంలోనే ఎంపిక పెట్టాలని నిర్ణయించాం. ఆయన సిద్ధాంతానికి ఇది విరుద్ధం, ప్రోగ్రాంకి ప్రింటర్ పేరు తెలియకూడదన్నాడు కదా. అడిగాను. "పేరు తెలియకూడదు, అడగడం తెలియాలి" అన్నాడు. అది కూడా నిజమే, పేరు కోడ్‌లో రాయలేదు.

చేసింది ఇలా. కోబాల్ నుంచి కాల్ సిస్టమ్ అని ఆపరేటింగ్ సిస్టమ్ కమాండ్ నడపొచ్చు. ఎల్పీస్టాట్‌కి మైనస్ ఏ తగిలిస్తే పని తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న ప్రింటర్ల జాబితా వస్తుంది. దాన్ని ఒక తాత్కాలిక ఫైలులోకి మళ్లించి, ఆ ఫైలుని కోబాల్‌తో మామూలుగా ఓపెన్ చేసి చదువుతాం. ప్రతి లైనులో మొదటి మాటే ప్రింటర్ పేరు, మిగతాది 'ఫలానా తేదీ నుంచి పని తీసుకుంటోంది' అనే సోది. అన్‌స్ట్రింగ్ డిలిమిటెడ్ బై స్పేస్ అంటే మొదటి మాట విడిపోతుంది. కప్స్ ప్రింటర్ పేర్లలో ఖాళీ ఉండకూడదన్న నియమం ఇక్కడ మనల్ని కాపాడుతుంది. పేర్లని నంబర్లతో తెర మీద చూపించి, యాక్సెప్ట్‌తో అంకె అడుగుతాం. ఉత్త ఎంటర్ కొడితే ఏమీ జరగదు, మళ్లీ అడుగుతుంది. డిఫాల్ట్ అనేది ఈ తెర మీద లేనే లేదు. ఎంచుకున్నాక ప్రింటర్ పేరుని పెద్దక్షరాల్లో చూపించి, అవును అని టైపు చేస్తేనే ముందుకి. ఆపైన స్ట్రింగ్ స్టేట్‌మెంట్‌తో ఎల్పీ కమాండ్‌ని ముక్కలు ముక్కలుగా కలిపి, మళ్లీ కాల్ సిస్టమ్. పనయ్యాక తాత్కాలిక ఫైళ్లు రెండూ చెరిపేయాలి, అప్పుల జాబితా డిస్క్ మీద టెక్స్ట్‌గా పడి ఉండకూడదు కాబట్టి.

ఇందులో రెండు కిటుకులు మావయ్యవి. ఎల్పీని పిలిచే ముందు మెంబర్-లిస్ట్‌ని క్లోజ్ చేయాలి. లేకపోతే చివరి లైన్లు ఇంకా బఫర్‌లోనే ఉంటాయి, ఆఖరి పేజీ సగంలో తెగిపోతుంది. సరిగ్గా ఆఖరి పేజీలోనే మొత్తాలు ఉంటాయి. రెండోది మాట గురించి. ఎల్పీ విజయవంతం అయిందంటే రిటర్న్-కోడ్ సున్నా వస్తుంది. నేను తెర మీద 'ప్రింట్ అయింది' అని చూపించాను. ఆయన ఒప్పుకోలేదు. అది అబద్ధం, క్యూలో పడిందంతే అన్నాడు. కాగితం అయిపోయి ఉండొచ్చు, టోనర్ అయిపోయి ఉండొచ్చు. డాట్ మ్యాట్రిక్స్ రోజుల్లో గదిలో కర్‌ర్‌ర్ మని శబ్దం వినపడితే అయినట్టు, ఇప్పుడు శబ్దం కూడా లేదు. 'క్యూలో వేశాను, కాగితాలు లెక్కపెట్టుకోండి' అని మార్చాం. నేను చూసిన సాఫ్ట్‌వేర్లలో ఇంత నిజాయితీ గల మెసేజ్ ఇంకోటి లేదు.

ఇక కాగితం కొలతలు. పాత జాబితా లైనుకి 132 అక్షరాలు. ఈ 132 ఎక్కడిదంటే, ఐబీఎం 1403 అని 1959లోనే వచ్చిన ప్రింటర్ ఉంది, నిమిషానికి 600 లైన్లు, లైనుకి 132 అక్షరాలు కొట్టేది. ఆ యంత్రాలు మ్యూజియంలకి చేరాయి గానీ వాటి వెడల్పు మాత్రం గుంటూరు జిల్లాలో ఒక సంఘం జాబితాలో ఉండిపోయింది. అంగుళానికి 10 అక్షరాల లెక్కన 132 అంటే 13.2 అంగుళాలు, వెడల్పాటి కంప్యూటర్ కాగితం మీద హాయిగా పడుతుంది. ఏ4ని అడ్డం తిప్పితే 11.69 అంగుళాలే. అంగుళానికి 12 అక్షరాలు చేస్తే సరిగ్గా 11 అంగుళాలు, పట్టింది. నిలువులో ఇంకో తిరకాసు. పాత కాగితం 11 అంగుళాలు, అంగుళానికి 6 లైన్లు, పేజీకి 66 లైన్లు. అడ్డం తిప్పిన ఏ4 ఎత్తు 8.27 అంగుళాలు. అంగుళానికి 8 లైన్లు చేస్తే 66 వస్తాయి! ఆహా అనుకునేలోపే గుర్తొస్తుంది, అంచులకి జాగా లేదు. పైనా కిందా అరంగుళం వదిలితే 58 లైన్లే మిగులుతాయి. పేజీకి ఎన్ని లైన్లో చెప్పే అంకె ప్రోగ్రాంలో ఒకే చోట, ఒకే పేరుతో ఉంది. 60ని 54 చేశాం, తలకట్టులు, పేజీ మొత్తాలు అన్నీ వాటంతట అవే సర్దుకున్నాయి. ముప్పై ఏళ్ల కిందట రాసిన మనిషి ఆ అంకెని పది చోట్ల చల్లకుండా ఒక్కచోట పెట్టినందుకు నేను అత్తయ్య చేతి పెసరట్టు ఒకటి ఎక్కువ తిన్నాను.

లైన్లు దగ్గరపడ్డాయి కాబట్టి అట్టముక్క చీలిక కూడా సన్నగా కొత్తది కోయాల్సొచ్చింది. ఆ పని మావయ్య బ్లేడూ స్కేలూ పట్టుకుని తనే చేశాడు.

ఇప్పుడు మన క్లబ్బుకి సంబంధించిన భాగం. ఆ జాబితాలో పేర్లన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉండేవి. డాట్ మ్యాట్రిక్స్ టెక్స్ట్‌కి తెలుగు రాదు. సీడాక్ వాళ్ల జిస్ట్ కార్డు వేస్తే డాస్‌లో కూడా భారతీయ లిపులు వచ్చేవి గానీ, దానికి డబ్బు పెట్టే స్తోమత సంఘానికి లేదు. సభ్యుల్లో చాలామంది తెలుగు చదవగలరు, ఇంగ్లీషు చదవలేరు. తమ వరస తమదేనని మావయ్య మాట మీద నమ్మేవాళ్లు. ఎలాగూ లేజర్ వచ్చింది కదా, తెలుగులో వేద్దాం అన్నాను. "ముందు అంకెలు పడనీ" అన్నాడు. అంకెలు పడ్డాక మళ్లీ అడిగాను.

పేరుకి ప్రోగ్రాంలో ఉన్న జాగా పిక్ ఎక్స్ 30, అంటే 30 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు ఒక్కో సంకేతానికి 3 బైట్లు. అంటే పది సంకేతాలు. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, సున్నా ఒకటి, అన్నీ విడివిడిగా లెక్క. వెంకటేశ్వర్లు అన్న పేరుకి 13 సంకేతాలు, 39 బైట్లు. 30 దగ్గర తెగ్గొడితే మిగిలేది 'వెంకటేశ్వర'. మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసిన వెంకటేశ్వర్లు గారు ప్రింటర్‌లోంచి అచ్చ సంస్కృతంలో బయటికొచ్చారన్నమాట. అది మేము కాగితం మీద లెక్కేసుకుని నవ్వుకుని, జాగాని 150 చేశాం.

రెండో చిక్కు, తెలుగు అక్షరాల వెడల్పు ఒకటి కాదు. కోబాల్ లైను అంటే గళ్ల నోటుబుక్కు, ఒక్కో గడికి ఒక్కో అక్షరం. 'ఝ' ఎంత, 'ర' ఎంత? పేరు మధ్యలో ఉంటే దాని తర్వాతి అంకెలన్నీ వంకర్లు పోతాయి. మందు చాలా చిన్నది: పేరుని లైను చివరికి జరిపాం. నంబరు, అంకెలు ముందు, గళ్లల్లో బుద్ధిగా. పేరు ఆఖర్న, ఎంత పొడుగైనా ఎవరికీ అడ్డం రాదు. మూడోది ఒత్తులు. మామూలు టెక్స్ట్ దారిలో పంపితే ఒత్తులు విడిపోతాయి. ప్యాప్స్ అని ఒక పనిముట్టు ఉంది, ప్యాంగో లైబ్రరీతో అక్షరాలు సరిగ్గా కూర్చి ప్రింటర్‌కి వెళ్లే రూపంలోకి మారుస్తుంది. ఎల్పీకి ముందు దాన్ని ఒక మెట్టుగా పెట్టాం.

పేర్లు ఎక్కడివి అంటారా? సంఘం మొదలైనప్పటి సభ్యత్వ రిజిస్టరులో తెలుగులోనే, చేత్తో రాసి ఉన్నాయి. 312 పేర్లూ అత్తయ్య ఫోన్‌లో టైపు చేసింది, మధ్యాహ్నాలు, మూడు రోజులు. ఇంగ్లీషులో ఒకేలా కనపడే పేర్లు తెలుగులో వేరని అప్పుడు తెలిసింది. ఇంటిపేర్లలో ట, త తేడాలు ఇన్నాళ్లూ జాబితాలో ఒకటే అయిపోయి ఉన్నాయి.

జూన్ రెండో వారంలో ప్రోగ్రాం నడిపాం. ప్రింటర్ అడిగింది, మావయ్య ఒకటి నొక్కాడు, పెద్దక్షరాల్లో పేరు చదివాడు, అవును అని టైపు చేశాడు. పేజీకి తలకట్టులు పోను 45 పేర్లు, మొత్తం ఏడు కాగితాలు. లెక్కపెట్టుకున్నాడు. పాత జాబితాలో మొత్తాలు ఉన్న కాగితం పక్కన పెట్టుకుని, ఈ ఏడాది జమలు, చెల్లింపులు కాలిక్యులేటర్ మీద కలిపి చూసుకున్నాడు. పైసలతో సహా సరిపోయాయి.

కౌంటర్ దగ్గర మూడో రోజున ఒక పెద్దాయన వచ్చారు. వైండింగ్ సెక్షన్‌లో చేసి రిటైర్ అయినవాళ్లు. మావయ్య అట్ట జరిపాడు. ఆయన కళ్లజోడు పైకెత్తి, లైను చివర వేలు పెట్టి, తన పేరు తనే చదువుకున్నారు. తర్వాత వేలు వెనక్కి జరుపుకుంటూ అంకెల మీదికి వచ్చి, అప్పు బాకీ దగ్గర ఆగారు.

"ఇది తప్పు బాబూ. నేను ఫిబ్రవరిలో 1,150 కట్టాను. రసీదుంది."

జేబులోంచి తీశారు. మావయ్య రసీదు పుస్తకం తిరగేశాడు. కౌంటర్ ఫాయిల్ ఉంది, కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. ఎంట్రీ వేసి, ఆ పేజీ ఒక్కటి మళ్లీ అచ్చు వేశాడు. పాతదాన్ని అడ్డంగా రెండు గీతలు కొట్టి, సంతకం పెట్టి, ఫైలులో వెనకాల గుచ్చాడు. పెద్దాయన కొత్త పేజీ మీద మళ్లీ అట్ట పెట్టించుకుని, ఈసారి మొదటి నుంచి చివరిదాకా చదివి, "మా మరదలి నంబరు 208, ఆవిడది కూడా చూడనా?" అన్నారు.

"ఆవిణ్ణే రమ్మనండి" అన్నాడు మావయ్య.